దుప్పి ఎవరిది? పెన్సిల్వేనియా కొండల్లో నూరేళ్ళుగా నలుగుతున్న తగాదా

1776 సెప్టెంబరులో పెన్సిల్వేనియా ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో సమావేశమై తమ రాష్ట్రానికి మొదటి రాజ్యాంగం రాసుకున్నారు. స్వాతంత్ర్య ప్రకటన వెలువడి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. బ్రిటిషు సైన్యం న్యూయార్కు నగరంలో దిగి కూర్చుంది. యుద్ధం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. అంత హడావుడిలోనూ వాళ్ళు మరిచిపోకుండా 43వ పరిచ్ఛేదంగా ఒక మాట చేర్చారు. ఈ రాష్ట్రవాసులకు తగిన కాలంలో తమ భూముల్లోనూ, కంచె లేని ఇతరుల భూముల్లోనూ వేటాడుకొనే స్వేచ్ఛ ఉంటుందని దాని సారాంశం.

పొరుగువాడి భూమిలోకి తుపాకితో వెళ్ళే హక్కును రాజ్యాంగంలో రాసుకోవలసిన అవసరమేమిటని మనకు అనిపిస్తుంది. వాళ్ళు వదిలి వచ్చిన దేశాన్ని తలుచుకుంటే అర్థమవుతుంది. ఇంగ్లండులో నార్మన్ రాజుల కాలం నుంచీ దుప్పి రాజుగారి సొత్తు. 1671లో చేసిన చట్టం ప్రకారం, భూమి మీద ఏటా 100 పౌన్ల ఆదాయం ఉన్నవాడో, పెద్ద ఇంటి వారసుడో అయితే తప్ప వేటాడకూడదు. తన సొంత చేలో గింజలు తింటున్న పక్షిని కొట్టినా చిన్న రైతుది నేరమే. 1723లో వచ్చిన చట్టం మరీ ఘోరం. ముఖానికి మసి పూసుకుని ఆయుధంతో రాజుగారి అడవిలో దొరికినవాడికి ఉరిశిక్ష. అటువంటి చోటు నుంచి ఓడ ఎక్కి వచ్చినవాళ్ళు కనుక, ఇక్కడి దుప్పి మీద దొరతనం ఎవరికీ ఉండరాదని పట్టుబట్టారు.

మన వైపు కథ కూడా దీనికి దూరమైనదేమీ కాదు. హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర ఇప్పుడు కృష్ణజింకలు తిరుగుతున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాంగారి షికారుకు కేటాయించిన నేల. జమీందారుల షికారు కథలు మన తాతలు చెప్పగా విన్నవే. ఆ తరువాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి మొత్తం వ్యవహారాన్నే తలకిందులు చేసింది. ఇప్పుడు అక్కడ కృష్ణజింకను చంపితే ఎంతటివాడైనా జైలుకు పోవలసిందే. అటువంటి దేశం నుంచి వచ్చి, కణ్వాశ్రమంలోని లేడిని తలుచుకునే మన కుటుంబాలకు, ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సులు అమ్మి, ఆడ దుప్పులను కొట్టండి బాబూ అని వేటగాళ్ళను బతిమాలుకోవటం చాలా వింతగా ఉంటుంది. ఆ బతిమాలటం వెనుక నూరేళ్ళ చరిత్ర ఉంది. ఊళ్ళ శివార్లలో అయిదెకరాలో యాభై ఎకరాలో అడవి కొనుక్కున్న మన సభ్యులకు అది తెలిసి ఉండటం మంచిదని ఈ వ్యాసం.

ముందుగా పేరు సంగతి. మనవాళ్ళు ఇక్కడి జంతువును అలవాటుగా జింక అంటారు. కృష్ణజింక కొమ్ములు ఊడవు, పుట్టుకతో వచ్చిన ఆస్తిలాగా చచ్చేదాకా ఉంటాయి. ఇక్కడి తెల్లతోక జంతువుకు కొమ్ములు కొమ్మలుగా చీలి, ఏటా శీతకాలంలో ఊడి, వసంతంలో మళ్ళీ మొలుస్తాయి. కనుక ఇది మన చుక్కల దుప్పికి, కణుజుకు చుట్టం. అందుకే మేము దుప్పి అనే రాస్తున్నాము.

స్వేచ్ఛ అయితే రాసుకున్నారు గాని, దాని చిక్కులు కోర్టుల్లో తేలవలసి వచ్చాయి. 1805లో న్యూయార్కు రాష్ట్రంలో ఒక నక్క కేసు వచ్చింది. పోస్ట్ అనే ఆయన వేటకుక్కలతో నక్కను తరుముతుండగా, పియర్సన్ అనే ఆయన మధ్యలో వచ్చి దాన్ని కొట్టి పట్టుకుపోయాడు. తరిమినవాడిదా, చంపినవాడిదా? న్యాయమూర్తులు రోమను ధర్మశాస్త్రాల దాకా వెళ్ళి, చేతికి చిక్కేదాకా అడవిజంతువు ఎవరిదీ కాదని తేల్చారు. ఈ కేసును ఇక్కడి లా కళాశాలల్లో నేటికీ మొదటి సంవత్సరంలోనే చెబుతారు. 1818లో దక్షిణ కరొలైనాలో ఒక భూస్వామి, తాను వద్దన్నా తన అడవిలో వేటాడాడని ఒకరి మీద దావా వేస్తే, కంచె లేని భూమిలో వేటాడటం ప్రజల హక్కని కోర్టు అతని దావా కొట్టేసింది. కాలక్రమాన ఆ పద్ధతి సడలింది. అనుమతి లేకుండా రావద్దని చెట్లకు పలకలు కొట్టే హక్కు భూమిగలవాడికి వచ్చింది. పెన్సిల్వేనియాలో 2020 నుంచి పలక కూడా అక్కరలేదు, చెట్ల మీద ఊదారంగు పట్టీలు పూస్తే చాలు. అయితే జంతువు మాటేమిటి? 1896లో అమెరికా సుప్రీంకోర్టు కనెక్టికట్ కేసులో, అడవిజంతువులు రాష్ట్ర ప్రజలందరి ఉమ్మడి సొత్తని, రాష్ట్రం వాటికి ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. ఆ తీర్పులో రాష్ట్రాల మధ్య వాణిజ్యానికి సంబంధించిన భాగాన్ని 1979లో కొట్టేశారు గాని, దుప్పి ప్రజలదన్న భావన మాత్రం నిలిచే ఉంది.

ఈ రెండూ కలిపి చూస్తే ముడి ఎక్కడ పడిందో తెలుస్తుంది. నేల ఒకరిది, నేల మీది చెట్టు వారిది, ఆ చెట్టు మొలకను తినే దుప్పి అందరిదీ. ఆ దుప్పిని కొట్టటానికి ప్రజలకు రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది, కాని లోపలికి రానివ్వటమా వద్దా అన్నది భూమిగలవాడి ఇష్టం. దుప్పి మాత్రం ఎవరి అనుమతీ అడగదు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ తగాదాకు అసలు అవకాశమే లేకుండా పోయింది, ఎందుకంటే దుప్పులే లేవు. పెన్సిల్వేనియాలో వేసవి దాకా దుప్పిని కొట్టరాదని 1721లోనే చట్టం ఉంది. అది కాగితం మీద ఉండిపోయింది. మాంసం, చర్మం అమ్ముకునేవాళ్ళు ఏడాది పొడుగునా కొట్టారు. రైలుదారులు వచ్చాక నగరాల అంగళ్ళకు మాంసం చేరవేయటం తేలికైంది. అదే సమయంలో కలప కంపెనీలు, తోళ్ళు పదును చేసే కార్ఖానాలు కొండలకు కొండలు నరికేశాయి. తోడేళ్ళను, కొండపులులను అంతకు ముందే చంపేశారు. 1895లో రాష్ట్రం గేమ్ కమిషన్ అనే సంస్థను నెలకొల్పేనాటికి, దుప్పిని చూశానని చెప్పుకునేవాడు ఊరికి ఒక్కడు దొరకటం కష్టమట.

కమిషన్ కార్యదర్శి డాక్టర్ జోసెఫ్ కాల్బ్‌ఫస్, ఆయన సహచరులు చేసిన పని మెచ్చుకోదగ్గది. 1905లో వేట నిషిద్ధమైన ఆశ్రయవనం ఒకటి ఏర్పాటు చేశారు. 1906లో మిషిగన్ నుంచి దుప్పులను కొని తెప్పించి అడవిలో వదిలారు. 1907లో ఆడ దుప్పిని కొట్టరాదని చట్టం చేయించారు. కొమ్ములున్నదాన్నే కొట్టాలి. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద వేటలో పడిన మగ దుప్పులు సుమారు 200 మాత్రమే. చట్టం అమలు చేయబోయిన గేమ్ వార్డెన్లను కాల్చిన సంఘటనలు కూడా ఆ రోజుల్లో జరిగాయి. అయినా పట్టు వదలక పల్లెపల్లెకూ తిరిగి, ఆడ దుప్పిని చంపటం తల్లిని చంపటంతో సమానమన్నంతగా వేటగాళ్ళకు నూరిపోశారు. ఆ బోధ బాగా పట్టింది. మరీ బాగా పట్టిందనే చెప్పాలి.

నరికిన అడవి తిరిగి చిగురించే రోజులవి. కొండ నిండా దుప్పి నోటికి అందే ఎత్తులో లేత కొమ్మలు. తినే జంతువులు లేవు, కొట్టే మనిషి మగదాన్నే కొడతాడు. ఒక్క పోతు పది ఆడవాటికి సరిపోతుంది కనుక మగవాటిని ఎన్ని కొట్టినా పిల్లల లెక్క తగ్గదు. ఆడ దుప్పి సాధారణంగా కవలలను కంటుంది. ఈ లెక్క ఎంత వేగంగా పెరుగుతుందో 1928లో మిషిగన్‌లో తెలిసింది. అక్కడ 1,146 ఎకరాల చుట్టూ ఎత్తయిన కంచె కట్టి, లోపల రెండు మగవి, నాలుగు ఆడవి, మొత్తం ఆరు దుప్పులను వదిలారు. 1933 డిసెంబరులో మనుషుల్ని వరుసగా నిలబెట్టి లెక్కిస్తే 160 తేలాయి!

పెన్సిల్వేనియాలోనూ అదే జరిగింది. 1920 నాటికే తోటలు, చేలు పాడవుతున్నాయని రైతులు మొరపెట్టుకున్నారు. శీతకాలంలో తిండి లేక పిల్లలు చస్తున్నాయి. 1923లో కొన్ని చోట్ల ఆడ దుప్పుల వేటకు మొదటిసారి అనుమతిచ్చారు. వేటగాళ్ళు ససేమిరా అన్నారు. నిన్నటిదాకా పాపమని చెప్పిన నోటితోనే ఇవాళ పుణ్యమంటే ఎట్లా నమ్ముతాడు? 1928లో మగవాటి వేట పూర్తిగా మూసి ఆడవాటినే కొట్టాలన్నారు, పడినవి పాతికవేల పైచిలుకు. 1938లో మళ్ళీ అలాగే చేస్తే 1,70,000 దాటాయి. ఆ సంఖ్య చూసి వేటగాళ్ళ గుండె ఝల్లుమంది. ఇక దుప్పి జాతి అంతరించిపోయిందనే ప్రచారం లేచింది. ఆడ దుప్పి లైసెన్సులను ఎవరూ వాడకుండా కొని చించేసినవాళ్ళు, తగలబెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. విస్కాన్సిన్‌లో 1943లో ఆడ దుప్పుల వేటకు ఓటు వేసిన ఆల్డో లియోపాల్డ్ గారికి ఎదురైనది కూడా ఇటువంటి తిట్లే. ప్రపంచానికి వన్యప్రాణి శాస్త్రం నేర్పిన మహానుభావుణ్ణి పట్టుకుని, దుప్పుల పాలిట యముడన్నారు.

ఆడ దుప్పుల పక్షాన నిలబడ్డ ఆ వేటగాళ్ళను మూర్ఖులని తోసేయటం మాకు ఇష్టం లేదు. అడవి ఖాళీ అయిన రోజులు వాళ్ళ తాతలు కళ్ళారా చూశారు. ఆడదాన్ని వదిలితే మంద పెరిగింది, అదీ కళ్ళారా చూశారు. ఒక తరం అనుభవంలో రుజువైన మాటను, ఆఫీసులో కూర్చున్న వాడెవడో వచ్చి మార్చమంటే మార్చుకోరు. మన ఇళ్ళల్లో మాత్రం అటువంటివి తక్కువా?

ఇంతలో అడవిలో జరిగినదేమిటో శాస్త్రజ్ఞులు మెల్లగా పట్టుకున్నారు. 1979, 80 ప్రాంతాల్లో అటవీ పరిశోధకులు ఈ రాష్ట్రం వాయవ్య భాగంలో కంచెలు కట్టి, చదరపు మైలుకు 10, 20, 40, 80 దుప్పుల చొప్పున వేర్వేరు మడుల్లో ఉంచి పదేళ్ళు గమనించారు. పది ఉన్నచోట అడవి తన మానాన తాను మొలిచింది. ఇరవై దాటేసరికి దుప్పికి ఇష్టమైన మొలకలు మాయం కావటం మొదలైంది. ఇంకా పెరిగితే ఫెర్ను, దుప్పి ముట్టని కొద్ది జాతులు తప్ప మిగలలేదు. పిట్టల మీద కూడా దెబ్బ పడింది. తక్కువ దుప్పులున్న మడితో పోల్చితే బాగా ఎక్కువ ఉన్న మడిలో, నడిమి ఎత్తు కొమ్మల్లో గూడు కట్టే పాటపిట్టల జాతులు 27 శాతం, పిట్టల సంఖ్య 37 శాతం తగ్గాయి. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కనుక దారిన పోయేవాడికి అడవి పచ్చగా, శుభ్రంగా, తోటలాగా కనిపిస్తుంది. ముసలివాళ్ళే తప్ప పిల్లలు లేని ఊరు అది.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పవలసి ఉంది. మేము మూడు కుటుంబాలవాళ్ళం కలిసి చాలా ఏళ్ళ క్రితం ఈ రాష్ట్రం ఉత్తర భాగంలో ఒక కొండవాలు మీద అరవై ఎకరాల అడవి కొన్నాము. మాలో ఎవరమూ వేటాడము. ఇద్దరిళ్ళల్లో మాంసమే ముట్టరు. చెట్ల కింద ఫెర్ను తప్ప మరేమీ ఎందుకు మొలవటం లేదని కౌంటీ ఫారెస్టరును పిలిపిస్తే ఆయన వంగి, దుప్పి కొరికిన మొలకలను చూపించాడు. వేటగాళ్ళను రానిమ్మన్నాడు. అంతా విని ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాము. చదరపు మైలంటే 640 ఎకరాలు. మా అరవై అందులో పదో వంతు కూడా కాదు. చదరపు మైలుకు 28 దుప్పులనుకుంటే మా వాటాకు వచ్చేవి రెండున్నర. ఆ రెండున్నరను ఏం చేసినా మరునాటికి పక్కవాటి నుంచి మరో రెండున్నర వస్తాయి. మగపిల్లలైతే ఏడాది దాటగానే పుట్టినచోటు వదిలి మైళ్ళ దూరం పోతాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్లు, ఒక్క భూమిగలవాడు ఎంత పట్టుదల చూపినా అడవి కాచిన వెన్నెలే.

మరి పక్కవాళ్ళు ఏమంటారు? మాకు ఉత్తరాన ఒక హంటింగ్ క్యాంపు ఉంది. మూడు తరాలుగా ఒకే కుటుంబం, వాళ్ళ స్నేహితులు ఏటా వారం రోజులు వచ్చి ఉంటారు. ఇక్కడ 1963 నుంచి 2018 దాకా తుపాకి వేట థాంక్స్‌గివింగ్ తరువాతి సోమవారం మొదలయ్యేది. ఆ రోజు చాలా బడులకు సెలవు ఇచ్చేవారని మన పిల్లలకు కూడా గుర్తే. 2019లో దాన్ని శనివారానికి మార్చారు. క్యాంపువాళ్ళకు కావలసింది ఉదయం చెట్టెక్కి కూర్చుంటే నాలుగు దుప్పులైనా కంటబడటం. ఆడదాన్ని కొట్టరు, తాతగారి మాట. దక్షిణాన ఉన్న రిటైరైన పెద్దమనిషి కథ వేరు. ఆయనకు పెద్ద కొమ్ముల పోతులు కావాలి. అందుకని గడ్డి మళ్ళు వేసి, లేత పోతులను ఏళ్ళ తరబడి వదిలేస్తూ ఉంటాడు. ఆయన వదిలిన పోతు కంచె దాటి క్యాంపు వైపు వెళితే అక్కడ పడిపోతుంది. దాంతో రెండు పక్షాలకూ పలకరింపులు లేవు. కొండ దిగువన మొక్కజొన్న వేసే రైతుకు దుప్పి అన్నదే ఉండకూడదు. మధ్యలో మాకు మొలకలు కావాలి. నలుగురికీ నాలుగు రకాల అడవి, దుప్పుల మంద మాత్రం ఒక్కటే.

పెద్ద పోతుల కోసం చిన్నవాటిని వదలాలన్న ఆ పెద్దమనిషి ఆలోచన పుట్టింది టెక్సస్‌లో. అల్ బ్రదర్స్, మర్ఫీ రే అనే ఇద్దరు జీవశాస్త్రజ్ఞులు 1975లో దాని గురించి పుస్తకం రాశారు. టెక్సస్‌లో వేల ఎకరాల రాంచీలు కనుక, పొరుగువాడి గొడవ కొంత తక్కువ. అప్పటికీ తీరకపోతే ఎనిమిది అడుగుల కంచె కట్టేస్తారు. ప్రజల దుప్పిని ప్రైవేటు కంచెలో పెట్టటమేమిటని అక్కడ ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. పెన్సిల్వేనియాలో అరవై ఎకరాలవాళ్ళకు ఆ మార్గం లేదు.

ఈ రాష్ట్రంలో పెద్ద మార్పు డాక్టర్ గ్యారీ ఆల్ట్ గారి కాలంలో వచ్చింది. అంతకు ముందు ఎలుగుబంట్ల పరిశోధనతో జనానికి అభిమాన పాత్రుడైన మనిషి. 1999లో దుప్పుల విభాగం ఆయనకు అప్పగించారు. అప్పటిదాకా ఇక్కడ వేటలో పడే పోతుల్లో అత్యధికం ఏడాదిన్నర ప్రాయంవే. ఆల్ట్ రెండు పనులు ఒకేసారి చేయించారు. పోతులకూ ఆడవాటికీ ఒకే రెండు వారాల్లో వేట పెట్టించారు. 2002 నుంచి, ఒక కొమ్ముకు చాలా చోట్ల మూడు, పడమటి భాగంలో నాలుగు మొనలైనా లేని పోతును కొట్టరాదన్నారు. అంటే పెద్ద కొమ్ములు కోరేవాడికి ఒక వరం, అడవి కోరేవాడికి ఒక వరం. పేచీ తీర్చటంలో ఇది తెలివైన ఎత్తే. ఆయన ఊరూరా తిరిగి హైస్కూలు హాళ్ళలో వందలమంది ముందు బొమ్మలు చూపుతూ ఉపన్యాసాలిచ్చారు. బెదిరింపులు వచ్చి, కొన్ని సభలకు తూటాలు దూరని కోటు తొడుక్కుని వెళ్ళవలసి వచ్చింది. 2002-03 వేటకాలంలో రాష్ట్రం మొత్తం మీద అయిదు లక్షల పదిహేడు వేల దుప్పులు పడ్డాయి, అంతకు ముందెన్నడూ లేని సంఖ్య. మరుసటేడు క్యాంపుల్లో కూర్చున్నవాళ్ళకు దుప్పులు కనిపించటం తగ్గింది. మూడో వరం, అంటే మంచె మీద కూర్చుంటే నాలుగు కంటబడాలన్న కోరిక, ఆ ఎత్తులో చేరలేదు. ఆల్ట్ 2004 చివర ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు. కొమ్ముల మొనల నియమం మాత్రం నిలిచింది. మొదట గోల చేసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు దానికే మద్దతు.

ఇదంతా రాష్ట్రమంతటికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టటం. పొరుగుల మధ్య తగాదా తీరినది మాత్రం, మేము చదివినంతలో, మక్కీన్ కౌంటీలో కింజువా అనే చోట. 2000 సంవత్సరంలో అక్కడ సుమారు 74,000 ఎకరాల అడవి కలిగిన వేర్వేరు యజమానులు ఒక జట్టు కట్టారు. జాతీయ అటవీశాఖ, బ్రాడ్‌ఫర్డ్ ఊరి నీటి సరఫరా సంస్థ, రెండు మూడు కలప కంపెనీలు, వాళ్ళకు తోడు పరిశోధకులు, స్థానిక వేటగాళ్ళు. అందరి భూమీ ఒక్కటిగా చూడాలన్నది ఒప్పందం. ప్రతి వసంతంలో మంచు కరగగానే గీతలు గీసుకున్న దారుల్లో నడిచి దుప్పి పెంటికల కుప్పలు లెక్కపెట్టి, చదరపు మైలుకు ఎన్ని ఉన్నాయో అంచనా వేశారు. కొరికిన మొలకలు ఎన్నో లెక్కించారు. (ఇంతమంది డాక్టరేటు చేసినవాళ్ళు అడవిలో వంగి పెంటికలు లెక్కపెట్టిన దృశ్యం మన పెద్దలు చూసి ఉంటే ఏమనేవారో!) ఆ లెక్కలు వేటగాళ్ళ ముందు పెట్టారు. మూసి ఉంచిన అడవి దారులు వేట రోజుల్లో తెరిచారు, దుప్పులు ఎక్కువున్న చోట్లు చూపే పటాలు పంచారు. కొట్టిన దుప్పిని తూకానికి తెచ్చినవాళ్ళ పేర్లతో లాటరీ తీసి బహుమతులిచ్చారు. వేటకాలం ముగిశాక వాళ్ళందరినీ పిలిచి విందు చేశారు.

2003లో రాష్ట్రం ఇంకొక వెసులుబాటు కల్పించింది. అడవి పాడవుతున్న భూమిగలవాడు దరఖాస్తు పెట్టుకుంటే, తన నేల మీద అదనంగా ఆడ దుప్పులను కొట్టించేందుకు కూపన్లు ఇస్తారు. సాగు భూమికి అయిదెకరాలకొకటి, అడవికైతే యాభై ఎకరాలకొకటి అన్నది లెక్క. కింజువావాళ్ళు వీటిని బాగా వాడుకున్నారు. చదరపు మైలుకు 28 దాకా ఉన్న దుప్పులు కొద్ది సంవత్సరాల్లో సగానికి దిగాయి. మిగిలిన దుప్పులకు తిండి దొరికి పోతుల బరువు, కొమ్ములు పెరిగాయి. కంచె కట్టకుండానే మొలకలు నిలదొక్కుకున్నాయి. నష్టం కూడా ఉంది. దుప్పులు తగ్గేకొద్దీ కొందరు వేటగాళ్ళకు విసుగు పుట్టింది. తగ్గించటం కంటే తగ్గినదాన్ని అలాగే ఉంచటమే కష్టమని ఆ పదేళ్ళ ప్రయోగం నడిపినవాళ్ళే రాశారు.

మా చేతికి వచ్చే కూపను అరవై ఎకరాలకు ఒక్కటి. దానితో ఏమవుతుందని మొదట పక్కన పెట్టాము. 2011లో మాత్రం ఒక పని చేశాము. క్యాంపు సరిహద్దుకు దగ్గరగా, ముప్ఫయి అడుగుల చదరంలో ఎనిమిదడుగుల ఎత్తు తీగ కంచె కట్టి వదిలేశాము. చట్టం సంగతి కూడా కనుక్కున్నాము. డబ్బు తీసుకోకుండా వేటకో నడకకో నలుగురినీ రానిచ్చే భూమిగలవాడికి ప్రమాదాల బాధ్యత విషయంలో 1966 నాటి రాష్ట్ర చట్టం చాలావరకు రక్షణ ఇస్తుంది. అది తెలిశాక మా పలకలు తీసేసి, వేటగాళ్ళు అడిగి రావచ్చని వేరే పలక పెట్టాము.

అయిదేళ్ళకు కంచె లోపల మేపుల్, ఓక్ మొలకలు మోకాలి ఎత్తు దాటాయి. తెల్లని ట్రిలియం పూలు కూడా వచ్చాయి, బయట ఒక్కటి లేదు. ఆ ఏడు వేటకు ముందు క్యాంపు పెద్దాయన్ని పిలిచి చూపించాము. ఎనభై దాటిన మనిషి. తీగ పట్టుకుని చాలాసేపు లోపలికి చూశాడు. తన చిన్నప్పుడు ఈ కొండంతా ఇలాగే ఉండేదని మాత్రం అని వెళ్ళిపోయాడు. డిసెంబరులో ఆయన మనవడు వచ్చి, కూపను ఎవరి దగ్గరుందని అడిగాడు. అప్పటి నుంచి ఏటా వాళ్ళు మా వైపున ఒకటో రెండో ఆడ దుప్పులను కొడుతున్నారు, రైతు పొలంలో మరి నాలుగు. 2012లో ఈ రాష్ట్రంలో మొదటిసారి బయటపడిన దుప్పుల మెదడు జబ్బు మా కౌంటీకి ఇంకా రాలేదు గాని, అది వస్తే ముసలి పోతుల్లోనే ఎక్కువ కనిపిస్తుందని దక్షిణాది పెద్దమనిషికి దిగులు పట్టుకుంది. మొన్న ఏప్రిల్లో ఆయన క్యాంపు దాకా వెళ్ళి, పోతులను ఎన్నేళ్ళ దాకా వదలాలో మాట్లాడుకుందాం రమ్మని కబురు పెట్టాడు. ఇద్దరూ కలుసుకునేందుకు మా ఇంటి వసారా అయితే బాగుంటుందని, కాఫీ మాత్రం మన ఫిల్టరు కాఫీ కావాలని క్యాంపు నుంచి జవాబు వచ్చింది.